ఆటలో కథ ఎక్కడుంటుంది?

పైనుంచి రకరకాల ఆకారాల దిమ్మెలు పడుతుంటాయి. వాటిని తిప్పి ఖాళీల్లో సరిగ్గా ఇరికించాలి. వరుస నిండితే మాయమవుతుంది, లేకపోతే పేరుకుపోతుంది. 1980లలో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ తయారుచేసిన టెట్రిస్ ఇంతే. ఇందులో కథేముంది?

ఉందన్నారు అమెరికన్ పరిశోధకురాలు జానెట్ మర్రే. ఒక పని తెమిలేలోపే ఇంకో పని నెత్తిన పడే 1990ల అమెరికన్ల బతుకును టెట్రిస్ ఆడించి చూపిస్తోందని 1997లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. ఈ మాట ఫిన్లాండ్‌కు చెందిన మార్కు ఎస్కెలినెన్‌కు అస్సలు మింగుడుపడలేదు. మన మీదికి ఎవరైనా బంతి విసిరితే పట్టుకుంటాం గానీ, అది కథ చెబుతుందేమోనని కాచుకు కూర్చోం కదా అని 2001లో ఎదురు తిరిగాడు.

వీడియో గేమ్స్ మీద అకడమిక్ పరిశోధన ఊపందుకున్నది ఈ తగవు నడుమే. నార్వేకు చెందిన ఎస్పెన్ ఆర్సెత్ సంపాదకత్వంలో 'గేమ్ స్టడీస్' పత్రిక మొదలైందీ 2001లోనే. ఆటకు ప్రాణం నియమాలేనన్న వర్గానికి లూడాలజిస్టులని పేరు. సాహిత్యం, సినిమా శాఖల వాళ్ళు తమ పాత కొలతబద్దలతో ఆటల్ని కొలిచేస్తారని వాళ్ళ భయం. అందులో సగం న్యాయం ఉంది. మిగతా సగం కొత్త శాఖకు చోటు దక్కించుకోవాలన్న ఆరాటమేనని నా అనుమానం.

న్యాయమైన సగం ఏమిటంటే, డెన్మార్క్ పరిశోధకుడు యెస్పర్ యూల్ ఎత్తిచూపిన కాలం సమస్య. కథ చెప్పేవాడు "పదేళ్ళు గడిచాయి" అని ఒక్క ముక్కలో తేల్చేయగలడు. జరిగిపోయిందాన్ని చెప్పే వీలు అతనికుంది. ఆటలో మాత్రం బటన్ నొక్కితే పని అప్పటికప్పుడే జరగాలి. అందుకే చాలా గేమ్స్‌లో కథ ముందుకు కదలాలంటే ఆట ఆగుతుంది. చేతులు ముడుచుకుని మధ్యలో వచ్చే చిన్న సినిమా చూడాలి.

పోనీ రెండూ కలిసి నడిచినా పేచీ తప్పదు. 2007లో వచ్చిన బయోషాక్ గురించి గేమ్ డిజైనర్ క్లింట్ హాకింగ్ ఆ ఏడాదే ఇదే ఫిర్యాదు చేశాడు. అందులోని చిన్నపిల్లలను కాపాడాలో, చంపి వాళ్ళ దగ్గరున్న శక్తిని లాక్కోవాలో ఆడేవాళ్ళే తేల్చుకోవాలి. అంటే నీ లాభం నువ్వు చూసుకోమంటున్నాయి నియమాలు. కథ మాత్రం ఫలానావాడికి సాయం చేసి తీరాలంటుంది, కాదనే దారే లేదు. ఆటకూ కథకూ పొసగని ఈ స్థితికి హాకింగ్ పెట్టిన 'లూడోనేరటివ్ డిసొనెన్స్' అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

తగవు తీర్చడానికి నాకు సిద్ధాంతాలకన్నా 2013 నాటి 'బ్రదర్స్' అనే గేమ్ ఎక్కువ పనికొచ్చింది. కంట్రోలర్‌లో ఎడమవైపు మీటలు అన్నను, కుడివైపువి తమ్ముణ్ణి నడిపిస్తాయి. తల్లి నీళ్ళలో మునిగి చనిపోవడంతో తమ్ముడికి నీళ్ళంటే భయం. అన్న వీపు పట్టుకునే దాటుతుంటాడు. చివర్లో అన్న చనిపోతాడు. ఎడమచేతికి ఇక పనుండదు. ఇంటిదారిలో నీళ్ళు అడ్డమొస్తాయి. తమ్ముడి బటన్ ఎంత నొక్కినా లాభం లేదు. అన్న బటన్ నొక్కితేనే పిల్లాడు ఈత మొదలుపెడతాడు. అర్థమయ్యే మాట ఒక్కటీ ఉండదు. ఏ వేలు దేనికన్నది ఇక్కడ నియమమే, కథ నడిచిందీ ఆ నియమం మీదే. ఇది నియమాల వర్గం గెలుపా, కథ వర్గం గెలుపా అంటే ఏం చెబుతాం?

ఎవరో ఆడిన వీడియో చూస్తే ఆ ఎడమచేతి ఖాళీ తెలియదు. పరిశోధకుడు తానే ఆడి తీరాలని ఆర్సెత్ పట్టుబట్టింది ఇలాంటివాటికే. ఆడినా ఇంకో చిక్కుంది. బయోషాక్‌లో పిల్లల్ని కాపాడినవాడికి ఒక ముగింపు, చంపినవాడికి మరొకటి. ఒకే గేమ్ మీద రాసిన ఇద్దరు వేర్వేరు కథల మీద రాసి ఉండొచ్చు. అందుకే ఇలాంటి వ్యాసం చదివేటప్పుడు రాసినవాళ్ళు ఎలా ఆడారో, ఎంతవరకు ఆడారో ముందు చూసుకోవాలి.