కిలో కానుగ పిక్కలకి ఎంత? సిక్కోలు కొండల్లో బయోడీజిల్ కథ

మార్చి, ఏప్రిల్ నెలల్లో సీతంపేట వైపు వెళ్తే ఇళ్ల ముందు, రోడ్డు వారన కానుగ కాయలు ఎండబెట్టి కనిపిస్తాయి. బాగా ఎండాక కొందరు కర్రతో బాదుతారు. కొందరు ఒక్కో కాయనీ రాతి మీద పెట్టి ఇంకో రాయితో కొడతారు. తొక్క మహా గట్టిది. లోపల చాలావరకు ఒకటే పిక్క ఉంటుంది, ఎప్పుడైనా రెండు. అలాంటి పిక్కలు 800 నుంచి 1000 దాకా పోగైతే కిలో తూగుతాయి. మిల్లులో ఎక్స్‌పెల్లర్‌కి వేస్తే నాలుగు కిలోలకి సుమారు లీటరు నూనె దిగుతుంది. అంటే లీటరు నూనె వెనక మూడున్నర వేల కాయలు కొట్టిన చేతులు ఉన్నాయి.

గింజల నూనె నుంచి డీజిల్‌కి బదులు ఇంధనం తీద్దామని, మన జిల్లాల్లో బయోడీజిల్ పేరుతో ఇరవై ఏళ్ల కిందట ఎంత హడావిడి జరిగిందో, అది ఎందుకు చల్లారిపోయిందో అర్థం కావాలంటే ఈ లెక్కని పక్కన పెట్టుకోవాలి. అప్పట్లో కాగితాల మీద వేసిన ఎన్నో లెక్కల్లో ఇది సరిగ్గా పడలేదు.

నిజానికి చెట్ల నూనె మనకి కొత్త కాదు. కిరోసిన్ రాకముందు ఇళ్లలో వెలిగింది ఆముదం, కానుగ నూనె, ఇప్ప నూనె దీపాలే. ఇప్ప నూనెని ఇక్కడి గిరిజనులైన సవరలు, జాతాపులు వంటకి కూడా వాడుకునేవారు. కానుగ ఆకు వరి మడిలో పచ్చిరొట్ట ఎరువు, పుల్ల పళ్లు తోముకోవడానికి, నూనె గజ్జికి మందు, గానుగలో మిగిలిన చెక్క మళ్లీ పొలానికే. ఇక అడవి ఆముదం, అదే నేపాళం, పశువులు ముట్టవని కంచెకి నాటేవారు. చిన్నప్పుడు మేము దాని కొమ్మ తుంచి, కారిన పాలని ఈనెతో చేసిన ఉంగరంలో పట్టి బుడగలు ఊదేవాళ్లం. గింజ జోలికి మాత్రం పోనిచ్చేవారు కాదు. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ కంచె మొక్కే ఒకరోజు జట్రోఫా అనే పేరుతో దేశాన్ని గట్టెక్కించే పంటగా పేపర్లలో కనిపిస్తుందని ఎవరూ అనుకోలేదు.

నూనెతో ఇంజన్ నడపడం డీజిల్ ఇంజన్ అంత పాతది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. రుడాల్ఫ్ డీజిల్ స్వయంగా ఆ సంగతి తర్వాత చెప్పుకున్నాడు. అయితే నూనెని ఉన్నపళంగా పోస్తే ఎక్కువ రోజులు నడవదు. డీజిల్ కంటే పది రెట్లు చిక్కన కాబట్టి ఇంజెక్టర్లు పూడుకుపోతాయి, లోపల మసి, జిగురు పేరుకుంటుంది. దీనికి విరుగుడు 1937లో బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయంలో దొరికింది. నూనెని ఆల్కహాల్‌తో కలిపి మార్చే పద్ధతికి అక్కడ పేటెంట్ తీసుకున్నారు. మరుసటి ఏడాది ఆ ఇంధనంతో బస్సు కూడా నడిపారు. ఆ బస్సులో పోసింది పామాయిల్ నుంచి తీసిన సరుకు. ఆ పామాయిల్ వచ్చింది అప్పటి బెల్జియం వలస రాజ్యమైన కాంగో నుంచి. కాయ కోసేది ఒకచోట, బండి నడిచేది ఇంకోచోట అన్నది ఈ కథలో మొదటి రోజు నుంచీ ఉంది.

పద్ధతి చెప్పుకోవాలంటే సులువే. వంద కిలోల నూనెకి పది, పదకొండు కిలోల మిథనాల్ అనే ఆల్కహాల్, కాస్త కాస్టిక్ సోడా కలిపి వేడి చేస్తారు. పైన బయోడీజిల్ తేలుతుంది, కింద గ్లిజరిన్ దిగుతుంది. చిక్కంతా మన కొండ నూనెలతోనే. నిల్వ ఉన్న కానుగ పిక్కల్లో, ఇప్ప పిక్కల్లో ఆమ్లం ఎక్కువ. అలాంటి నూనెలో సోడా వేస్తే బయోడీజిల్ బదులు సబ్బు నురగ వస్తుంది. ముందు యాసిడ్‌తో ఒక దఫా శుద్ధి చేసి, తర్వాత అసలు పని మొదలెట్టాలి. ఇప్ప నూనె అయితే చలికాలంలో గడ్డ కట్టి కూర్చుంటుంది.

మన దేశంలో ఈ మాట గట్టిగా వినిపించింది 2003లో. అంతకు కొద్ది నెలల ముందు, 2002 డిసెంబర్ 31న, ఢిల్లీ-అమృత్‌సర్ శతాబ్ది రైలుని 5 శాతం బయోడీజిల్ కలిపి నడిపి చూశారు. 2003 ఏప్రిల్‌లో ప్రణాళికా సంఘం కమిటీ నివేదిక ఇచ్చింది. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలి, దానికి కోటీ 12 లక్షల హెక్టార్లలో జట్రోఫా వేయాలి అని అందులోని మాట. హెక్టారుకి 2500 మొక్కలు, మొక్కకి కిలోన్నర గింజ, మొత్తం మూడు ముప్పావు టన్నులు అని లెక్క కట్టారు. బంజరు భూమి చాలు, నీరు అక్కర్లేదు, పశువులు తినవు, పేదలకి పని దొరుకుతుంది అన్నారు. విన్నవాళ్లకి ఆశ పుట్టడంలో తప్పేముంది? మెట్ట భూమి తప్ప ఇంకేమీ లేని రైతుకి అది నిజంగా మంచి మాటలాగే వినిపించింది.

తర్వాత ధర వచ్చింది. 2005 అక్టోబర్‌లో కేంద్రం బయోడీజిల్ కొనుగోలు విధానం ప్రకటించింది. 2006 జనవరి నుంచి ఆయిల్ కంపెనీలు లీటరు 25 రూపాయలకి కొంటాయన్నారు, దాన్ని తర్వాత 26.50 చేశారు. ఇక్కడ కాస్త ఆగి లెక్క చూద్దాం. లీటరుకి నాలుగు కిలోల పిక్కలు కావాలి. మిల్లు ఖర్చు, మిథనాల్, రవాణా, లాభం అన్నీ సున్నా అనుకుని, 26.50 మొత్తం పిక్కలు ఏరినవాళ్లకే ఇచ్చేసినా కిలోకి ఆరు రూపాయల అరవై మూడు పైసలు దాటదు. చెక్క అమ్మితే వచ్చే డబ్బు ఆ ఖర్చులకే చాలదు.

సరిగ్గా అదే ఏడాది, 2006 ఫిబ్రవరిలో, ఉపాధి హామీ పథకం మొదలైంది. మొదటి విడత జిల్లాల్లో విజయనగరం ఉంది, శ్రీకాకుళం మరుసటి ఏడాది చేరింది. రోజు కూలి 80 రూపాయలు. కానుగ పిక్కలతో ఆ 80 రూపాయలు రావాలంటే 12 కిలోలు, అంటే పది వేల కాయలు ఒక్క రోజులో ఏరి, ఎండబెట్టి, కొట్టి తెచ్చివ్వాలి. ఏ మనిషికైనా సాధ్యమయ్యే పనేనా? పైగా కానుగ కాయ ఏరే రోజుల్లోనే చింతపండు కొట్టాలి, ఇప్ప పువ్వు ఏరాలి, జీడి తోటల్లో పిక్కలు ఏరే పని ఉంటుంది. ఆ కూలి వదిలేసి కానుగ కోసం ఎవరు వస్తారు?

అయినా మొక్కలు నాటారు. మొక్క నాటడానికి, గుంత తవ్వడానికి కూలి ఇచ్చారు కాబట్టి నాటడం సాగింది. కాయ ఏరడానికి అలాంటి కూలి ఎవరూ పెట్టలేదు. జట్రోఫా బంజరులో బతికింది నిజమే, కానీ బతకడం వేరు, కాయడం వేరు. నీరు, ఎరువు లేని చోట హెక్టారుకి మూడు ముప్పావు టన్నుల మాట అలా ఉంచి, టన్ను రావడం కూడా కష్టమైంది. కాయలన్నీ ఒకేసారి పండవు, కాబట్టి ఒకే చెట్టు దగ్గరికి నాలుగైదు సార్లు వెళ్లాలి. చెక్క విషం, పశువులకి పెట్టే వీలు లేదు. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జట్రోఫా నుంచి కానుగ వైపు మళ్లింది. ఈ మార్పు సబబైనదే అని నా అభిప్రాయం. కానుగ ఈ నేల చెట్టు, వందేళ్లు నిలుస్తుంది, ఇంకేమీ ఇవ్వకపోయినా నీడైనా ఇస్తుంది. కానీ కాపుకి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఎదురుచూసే ఓపిక రైతుకి ఉంటే ఉండొచ్చు, అప్పుకి ఉండదు. చాలామంది సరుగుడు, నీలగిరి, జీడి వైపు వెళ్లిపోయారు.

ఫ్యాక్టరీల కథ వేరేగా నడిచింది. అవి కొండల దగ్గరికి రాకుండా రేవుల దగ్గర వెలిశాయి. కాకినాడలో 2008లో ఏడాదికి లక్షన్నర టన్నుల బయోడీజిల్ తీయగల ప్లాంటు మొదలైంది. అంత సరుకుకి కానుగ పిక్కలే వాడాలంటే ఆరు లక్షల టన్నులకి పైగా కావాలి. చెట్టుకి పది కిలోలు అనుకుంటే ఆరు కోట్లకి పైగా చెట్లు. అన్ని చెట్లు ఎక్కడున్నాయి, ఎవరు ఏరతారు? అందుకే అలాంటి ప్లాంట్లు ఓడల్లో వచ్చే పామ్ స్టియరిన్ (పామాయిల్‌లో గడ్డకట్టే భాగం) మీద, జంతు కొవ్వు మీద ఆధారపడ్డాయి. వాళ్ల వ్యాపారం ప్రకారం అది సహజమే. మన కొండల్లోని పిక్కకి మాత్రం అక్కడ చోటు లేకపోయింది.

ఇంత పెద్ద హడావిడి మధ్య రెండు చిన్న ప్రయత్నాలు నాకు బాగా నచ్చాయి. ఒకటి ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడ. అక్కడి ఆదివాసీ మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి, పిక్కల నుంచి నూనె తీయడం మొదలుపెట్టాయి. ఆ నూనె వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి బదులుగా 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. డబ్బు చిన్నదే, కానీ అది నేరుగా చెట్టు పెంచినవాళ్ల చేతికి వచ్చింది.

రెండోది మనకి బాగా దగ్గరిది. ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్తే, ఒడిశాలోని గంజాం జిల్లా మొహుదాలో గ్రామ్ వికాస్ సంస్థ ఉంది. అక్కడ 2000ల మొదట్లో సైకిల్ పెడల్ తొక్కి నడిపే చిన్న బయోడీజిల్ యంత్రం తయారుచేశారు. కరెంటు లేని గిరిజన గూడేల్లో కానుగ, ఇప్ప, వలిసెల నూనెని అక్కడికక్కడే మార్చి, ఆ ఇంధనంతో పంపుసెట్టు నడిపి ట్యాంకులోకి నీళ్లు ఎక్కించారు. ఒక దఫాకి తయారయ్యేది కొద్ది లీటర్లే. పిక్క ఏరేది ఆ ఊరివాళ్లే, నీళ్లు తాగేదీ వాళ్లే, చెక్క పోయేదీ వాళ్ల పొలానికే. ఆయిల్ కంపెనీ ధరతో పోటీ పడే అవసరమే రాలేదు. కొండ మీదికి డీజిల్ డబ్బా మోసుకెళ్లే ఖర్చు, శ్రమ తప్పాయి. సరిహద్దుకి అవతల అదే కొండల వరసలో, అవే చెట్లతో జరిగిన పని ఇది. ఇవతల మనం హెక్టార్లు లెక్కపెడుతూ కూర్చున్నామే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దేశం లక్ష్యాలు మారుతూ వచ్చాయి. 2009లో వెలువడిన జాతీయ జీవ ఇంధన విధానం 20 శాతం గడువుని 2017కి జరిపింది. 2015 ఆగస్టు 10న విశాఖపట్నం, విజయవాడ సహా కొన్ని నగరాల బంకుల్లో 5 శాతం కలిపిన డీజిల్ అమ్మకం మొదలుపెట్టారు. 2018 విధానం లక్ష్యాన్ని 5 శాతానికి తగ్గించి, గడువుని 2030 చేసింది. ఇప్పటిదాకా దేశం మొత్తం మీద కలిసింది ఒక్క శాతం కూడా లేదు. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ మాత్రం ముందుకు దూసుకుపోయింది, ఎందుకంటే దానికి చెరకు మిల్లులున్నాయి, సరుకుకి గ్యారంటీ రేటుంది.

ఇప్పుడు చూపు వాడేసిన వంటనూనె మీద పడింది. పునుగులు, బజ్జీలు వేసిన మూకుడులో పదేపదే మరిగిన నూనె ఆరోగ్యానికి చేటు. 2018లో ఆహార భద్రత సంస్థ దానికి హద్దు పెట్టింది, ఆ నూనెని బయోడీజిల్‌కి మళ్లించే పథకం తెచ్చింది. 2019లో ఆయిల్ కంపెనీలు దాంతో చేసిన బయోడీజిల్‌కి మొదటి ఏడాది లీటరు 51 రూపాయలు ఇస్తామన్నాయి. మంచి పనే. శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో హోటళ్లకి ఇది పనికొస్తుంది, కొండ మీది సవర కుటుంబానికి ఇందులో వచ్చేదేమీ లేదు.

పామాయిల్ తోటలు కూడా విజయనగరం, పార్వతీపురం వైపు పెరుగుతున్నాయి. అది తినే నూనె, ఇంధనానికి పోకూడదు. ఇండోనేషియా 2020లో డీజిల్‌లో 30 శాతం పామాయిల్ బయోడీజిల్ కలపడం మొదలెట్టి, 2025కి 40 శాతానికి తీసుకెళ్లింది. అక్కడ లారీల ట్యాంకుల్లోకి వెళ్లే కొద్దీ ఇక్కడ పలాస కిరాణా కొట్లో పామోలిన్ ప్యాకెట్ రేటు మీద ఒత్తిడి పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం ఎగుమతులు కొన్ని వారాలు ఆపేస్తే మన వంటిళ్లలో ఎంత టెన్షన్ పుట్టిందో గుర్తుండే ఉంటుంది.

మళ్లీ పిక్కల దగ్గరికి వద్దాం. అటవీ ఉత్పత్తులకి మద్దతు ధర 2013-14లో మొదలైనప్పుడే కానుగ, ఇప్ప పిక్కలు ఆ జాబితాలో ఉన్నాయి. 2020 మేలో సవరించిన ధర కానుగకి కిలో 22 రూపాయలు, ఇప్ప పిక్కలకి 29. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి కూలి 237 రూపాయలు. భాగించి చూడండి, ఒక రోజు కూలికి దాదాపు 11 కిలోల కానుగ పిక్కలు. 2006లో 12 కిలోలు. పద్నాలుగేళ్లలో ఎన్ని విధానాలు మారినా రాతి మీద కాయ కొట్టే మనిషికి తగ్గింది ఒక్క కిలో బరువు. ఆ 22 చొప్పున నాలుగు కిలోలకి 88 రూపాయలు అవుతాయి, పిక్కల ఖరీదే 51 రూపాయల బయోడీజిల్‌ని దాటేసింది. ఇంకో పథకం వచ్చి మళ్లీ కానుగ మొక్కలు పంచితే, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) మీటింగ్‌లో మొదట అడగాల్సింది హెక్టార్ల గురించి కాదు. కిలో పిక్కలకి ఎంత ఇస్తారు, ఏ రేటు మీద ఎన్నేళ్లు కొంటారు, ఎవరు రాసిస్తారు అని అడగాలి.