దూకడం వచ్చు, దిగడం ఎవరు నేర్పాలి?

పద్నాలుగేళ్ల అమ్మాయి బంతి కోసం ఎగిరి కిందికి దిగుతుంది. ఎవరూ ఢీకొట్టలేదు, కాలు జారలేదు. మోకాలు కాస్త లోపలికి వాలింది, టప్‌మని చప్పుడైంది, అంతే. కొద్ది గంటల్లో మోకాలు ఉబ్బిపోతుంది. మోకాలి లిగమెంట్లలో ఆటగాళ్లు ఎక్కువగా భయపడే ఏసీఎల్ (యాంటీరియర్ క్రూషియేట్ లిగమెంట్) చాలాసార్లు ఇలాగే, ఎవరూ తాకకుండానే తెగుతుంది.

తొడ ఎముకను కింది ఎముకతో కలుపుతూ కీలు మధ్యలో ఏటవాలుగా ఉండే గట్టి పట్టీ ఇది. కింది ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా ఆపుతుంది. పాదం నేలను తాకాక సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపే ఇది తెగిపోవచ్చు. అంత తక్కువ సమయంలో ఆలోచించి కాలు సర్దుకోవడం ఎవరివల్లా కాదు. సరిగ్గా దిగడం ఒంటికి ముందే అలవాటై ఉండాలి.

ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో ఈ ప్రమాదం అబ్బాయిలకన్నా అమ్మాయిలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎదిగే వయసులో ఎముకలు గబగబా పొడవవుతాయి. అబ్బాయిలకు కండబలం కూడా దాంతోపాటే పెరుగుతుంది, అమ్మాయిలకు అంతగా పెరగదు. దాంతో చాలామంది మోకాళ్లు పెద్దగా వంచకుండా, తొడ ముందు కండరాల మీదే భారం వేసి దిగుతారు. ఆ కండరాలు కింది ఎముకను ముందుకు లాగుతాయి, వెనక్కి పట్టి ఉంచాల్సిన తొడ వెనక కండరాలు చాలవు. కటి నిర్మాణం, హార్మోన్ల పాత్ర గురించి కూడా పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ "ఆడపిల్లల ఒళ్లే అంత" అని వదిలేయడాన్ని నేను ఒప్పుకోలేను. ఎందుకంటే కండబలం, దిగే తీరు రెండూ నేర్పితే వచ్చేవే.

2012లో వెలువడిన స్వీడన్ అధ్యయనం ఆ మాటకు రుజువు. 12 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలు నాలుగున్నర వేలమందికి పైగా అందులో పాల్గొన్నారు. వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున ఒంటికాలి గుంజీలు, నడుము ఎత్తడం, దూకి మెత్తగా దిగడం లాంటివి చేసిన జట్లలో ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు, కోచ్‌కి ఓపిక ఉంటే చాలు.

పూర్తిగా తెగిన ఏసీఎల్ తనంతట తాను అతుక్కోవడం అరుదు. కుట్టి కలిపినా చాలాసార్లు నిలవదు. అందుకే తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో స్నాయువు (టెండన్ అనే తాడులాంటి భాగం) తీసి, ఎముకలకు రంధ్రాలు చేసి కొత్త పట్టీగా బిగిస్తారు. ఇంకా ఎదుగుతున్న పిల్లలైతే ఎముక చివర్లలోని ఎదుగుదల పొరలు దెబ్బతినకుండా సర్జన్ మరింత జాగ్రత్తపడాలి.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. నొప్పి పోగానే పిల్ల మైదానంలోకి పరుగెత్తాలనుకుంటుంది, పెద్దవాళ్లకూ తొందరే. కానీ లోపల పెట్టిన స్నాయువు లిగమెంట్‌లా మారడానికి నెలలు పడుతుంది. కనీసం తొమ్మిది నెలలు ఆగాలి, ఆ తర్వాత కూడా రెండు కాళ్ల బలం, గెంతే తీరు పరీక్షించాకే వదలాలి. చిన్న వయసులో మళ్లీ ఆటకు వెళ్లినవాళ్లలో దాదాపు నలుగురైదుగురిలో ఒకరికి రెండోసారి ఏసీఎల్ తెగుతోంది. అది చాలాసార్లు ఆపరేషన్ జరగని కాలికే. కాబట్టి ఫిజియోథెరపీలో దిగడం నేర్చుకోవాల్సింది రెండు కాళ్లూను.