రేడియో కోసం కోసేసిన చరణం

చిన్నూకి, బుజ్జికి,

మొన్న ఫోన్‌లో "తాతయ్యా, ఈ పాట ఇంతమంది పాడారేంటి, అసలు ఎవరిది?" అని అడిగారు. 'ఎ ఛేంజ్ ఈజ్ గాన కమ్', అంటే 'మార్పు రాబోతోంది', శామ్ కుక్ అనే అమెరికా నల్లజాతి గాయకుడిది. పుట్టింది మిసిసిపీలో, పెరిగింది షికాగోలో. నాన్న పాస్టరు. చర్చి పాటలతో మొదలై ప్రేమపాటలతో పెద్ద స్టార్ అయ్యాడు.

1963 అక్టోబరులో లూయిజియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఒక హోటల్లో గదులకి ముందే ఫోన్ చేసి చెప్పాడు. తీరా వెళ్తే ఖాళీ లేదన్నారు. అప్పట్లో అక్కడ నల్లవాళ్లకి గది ఇచ్చేవాళ్లు కాదు, అదీ సంగతి. కుక్ కదల్లేదు, గొడవపడ్డాడు. "చంపేస్తారు, పద" అని భార్య బతిమాలింది. చివరికి కారు హారన్లు మోగించుకుంటూ వెళ్లిపోయారు. అల్లరి చేశారని పోలీసులు వీళ్లనే అరెస్టు చేశారు!

అప్పటికే బాబ్ డిలాన్ పాట ఒకటి విని, ఇలాంటిది మనవాళ్లు రాయాల్సింది కదా అని అతనికి మనసులో ఉండేది. ఆ రెండూ కలిసి ఈ పాటైంది. నది ఒడ్డున చిన్న డేరాలో పుట్టాను, ఆ నదిలాగే అప్పట్నుంచీ పరుగే అని ఎత్తుకుంటాడు. వెనక వయొలిన్లు సినిమా పాటలా ఉప్పొంగుతున్నా గొంతు మాత్రం చర్చిలోదే.

1964 డిసెంబరు 11న లాస్ ఏంజిలిస్‌లో తుపాకీ గుండు తగిలి పోయాడు. అప్పటికి 33 ఏళ్లు. పాట ఆల్బం నుంచి విడిగా, సింగిల్‌ రికార్డుగా వచ్చింది ఆ తర్వాతే, అదీ 'షేక్' అనే ఇంకో పాట రికార్డుకి వెనకవైపు. సినిమాకి వెళ్తే, ఊళ్లోకి వెళ్తే ఇక్కడ తిరగొద్దంటారు అనే చరణాన్ని రేడియో కోసం కోసేశారు. నన్నడిగితే పాటకి ప్రాణం అదే.

1965లో ఓటిస్ రెడ్డింగ్ పాడాడు, గరగరలాడే గొంతుతో. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ తిన్నగా పాటలోకి దిగదు. పాత స్నేహితుడొకరు అన్న మాట గుర్తుందంటూ మొదలుపెడుతుంది. ఆ స్నేహితుడు కుక్కే. నాకు అన్నిటిలోకీ ఇదే ఇష్టం. 2009లో ఒబామా ప్రమాణ స్వీకారానికి రెండు రోజుల ముందు లింకన్ మెమోరియల్ దగ్గర బెటీ లవెట్, జాన్ బాన్ జోవీ కలిసి పాడారు. 2019లో ష్రీవ్‌పోర్ట్ మేయరు ఆనాటి హోటల్ సంగతికి కుక్ కూతురికి క్షమాపణ చెప్పాడు.

ముందు కుక్ ఆల్బంలోది వినండి, కోసేసిన చరణం అందులో ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ కోసం మాత్రం కొట్టుకోకండి.

మీ తాతయ్య