బోర్డు మీద నిలబడటమే సర్ఫింగా? రుషికొండ ఒడ్డున రోజూ వినే అపోహలు

పొద్దున్నే ఆరింటికి రుషికొండ ఇసుకలో బోర్డు పెట్టి, దాని చుట్టూ కర్రతో గీత గీస్తాను. తర్వాత బోర్డు పక్కకి తీసేసి "ఈ గీతలో బోర్లా పడుకోండి" అంటాను. కొత్తగా వచ్చినవాళ్ల మొహాలు అక్కడే వాడిపోతాయి. హైదరాబాద్ నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చింది ఇసుకలో పడుకోవడానికా అన్నట్టు చూస్తారు. పోయిన నెల ఒకబ్బాయి ఉండబట్టలేక అడిగేశాడు: "అన్నా, నిలబడేది ఎప్పుడు?"

నేను చెన్నై దగ్గరి కోవళంలో నేర్చుకుని, ఇప్పుడు విశాఖలో నేర్పుతున్నాను. నా దగ్గరకొచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఆ అబ్బాయి ప్రశ్నకి చుట్టాలే. కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

అపోహ: నిలబడటం వస్తే సర్ఫింగ్ వచ్చినట్టే

చిన్న లెక్క వేద్దాం. గంటసేపు నీళ్లలో ఉన్నారు, పది అలలు దొరికాయి. కొత్తవాళ్లకి అది చాలా మంచి రోజు. ఒక్కో అల మీద ఆరు సెకన్లు నిలబడ్డారనుకోండి, మొత్తం కలిపితే ఒక్క నిమిషం. మిగతా 59 నిమిషాలు చేతులతో ప్యాడిల్ చేయడం, కూర్చుని అల కోసం చూడటం, పడటం, మళ్లీ బోర్డు ఎక్కడం. పోటీల్లో దిగే సర్ఫర్ల పరిస్థితీ ఇంతకంటే గొప్పగా ఉండదు. వాళ్ల సమయంలో దాదాపు సగం ప్యాడిల్‌కే పోతుంది, అల మీద ఉండేది నూటికి నాలుగైదు వంతులే.

అందుకే నేను ముందు పడుకోవడం నేర్పుతాను. బోర్డు మీద మరీ ముందుకి పడుకుంటే బోర్డు ముక్కు (ముందు కొస) నీళ్లలోకి దిగబడి, మీరు దాని మీదుగా పల్టీ కొడతారు. మరీ వెనక్కి జరిగితే తోక మునిగి బ్రేకు వేసినట్టు అవుతుంది, అల మీ కింద నుంచి వెళ్లిపోతుంది. బోర్డు ముక్కు నీటికి నాలుగు వేళ్ల ఎత్తులో ఉంటే సరైన చోట ఉన్నట్టు. గడ్డం బోర్డుకి ఆనించకుండా ఛాతీ కాస్త పైకెత్తి ఉంచాలి. పది నిమిషాల్లో మెడ, భుజాలు లాగేస్తాయి. జిమ్‌లో కండలు పెంచినవాళ్లు కూడా ఇక్కడ "మాస్టారూ, ఒక్క నిమిషం" అంటారు. చేపల పేట పిల్లలు, ఎముకలు కనిపించే ఒళ్లుతో, గంట తర్వాత కూడా నవ్వుతూనే ఉంటారు.

అల వెనక నుంచి బోర్డుని ఎత్తగానే దొరికిందనుకుని దాదాపు అందరూ చేతులు ఆపేస్తారు. అక్కడే పోతుంది. ఎత్తిన తర్వాత ఇంకో రెండు మూడుసార్లు చేతులతో నీళ్లు గట్టిగా లాగాలి. బోర్డు దానంతట అది వాలు మీద జారడం పొట్టకి తెలుస్తుంది. అప్పుడు చేతులు పక్కటెముకల పక్కన ఆనించి, మోకాళ్ల మీద ఆగకుండా ఒకేసారి లేవాలి. బోర్డు అంచులు పట్టుకుని లేస్తే అది పక్కకి ఒరుగుతుంది. లేచాక పాదాలు చూసుకోకండి. తల ఎటు వంగితే బరువు అటే పోతుంది, పాదాల వైపు చూసినవాడు పాదాల దగ్గరే పడతాడు.

అపోహ: చిన్న బోర్డుతో అయితే తొందరగా వస్తుంది

ఈ తప్పు నేనే చేశాను. నేర్చుకోవడం మొదలుపెట్టిన రెండో నెలలోనే ఆరడుగుల ఫైబర్ బోర్డు కొన్నాను, సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చిందని. వీడియోల్లో అందరూ అలాంటిదే వాడుతున్నారు మరి. ఆ సీజనంతా నేను పట్టిన అలలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా దాని ఫిన్ (బోర్డు అడుగున ఉండే రెక్క) తగిలి గడ్డం కింద మూడు కుట్లు.

బోర్డు మిమ్మల్ని ఎంత తేల్చగలదో లీటర్లలో చెబుతారు. ఆరడుగుల షార్ట్‌బోర్డు సుమారు 30 లీటర్లు. కొత్తవాళ్లు వాడే ఎనిమిది, తొమ్మిది అడుగుల ఫోమ్ బోర్డు దానికి రెండింతలు దాటుతుంది. మీరు 70 కిలోలుంటే మొదట్లో కనీసం అన్ని లీటర్ల బోర్డు తీసుకోండి. పెద్ద బోర్డు తక్కువ వేగంలోనే అలని అందుకుంటుంది, నిలబడ్డాక ఊగదు, మీద పడినా ఫోమ్ కాబట్టి దెబ్బ తక్కువ. పది అలలు దొరికిన మనిషి పదిసార్లు నేర్చుకుంటాడు. నాకు దొరికింది ఒక్కటి.

అపోహ: నురగ లేని చోట సముద్రం నెమ్మదిగా ఉంటుంది

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ ఒక్క అపోహ విశాఖ తీరంలో ప్రాణాలు తీస్తోంది. ఆర్కే బీచ్‌లోనో యారాడలోనో పిక్నిక్‌కి వచ్చిన కుర్రాళ్లు అలలు విరిగే చోటు చూసి భయపడి, పక్కన ప్రశాంతంగా కనిపించే సందులోకి దిగుతారు. ఆ సందే రిప్ కరెంట్.

అలలు ఇసుక మేట మీద విరిగి ఒడ్డుకి నీళ్లు తోస్తూనే ఉంటాయి. ఆ నీళ్లన్నీ ఎక్కడో ఒక చోట వెనక్కి వెళ్లాలి కదా. రెండు మేటల మధ్య లోతు ఎక్కువున్న కాలువ దొరికితే అందులోంచి ఏరులా లోపలికి పోతాయి. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు, నురగ రాదు. ఒడ్డు మీంచి చూస్తే రంగు కాస్త ముదురుగా ఉంటుంది, కొన్నిసార్లు ఇసుక కలిసి మట్టి రంగులో కనిపిస్తుంది. తేలే చెత్త, ప్లాస్టిక్ సీసాలు సముద్రం వైపు నడుస్తుంటాయి. నేను ఇదంతా వివరంగా చెబుతుంటే ఓ రోజు పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "నురగ లేని కాడ దిగొద్దు బావూ, అక్కడే నీరు లోనికి లాగేస్తాది."

ఉధృతంగా ఉన్నప్పుడు రిప్ వేగం సెకనుకి రెండు మీటర్లు దాటగలదు. ఒలింపిక్స్‌లో అందరికంటే వేగంగా ఈదే మగవాళ్లు 100 మీటర్లకి 47 సెకన్లు తీసుకుంటారు, అంటే సెకనుకి రెండు మీటర్ల చిల్లర. కాబట్టి దానికి ఎదురీది ఒడ్డుకి రావాలనుకోకండి, అలసటే మిమ్మల్ని ముంచుతుంది. అది మిమ్మల్ని కిందికి లాగదు, దూరంగా మాత్రమే తీసుకెళ్తుంది. తేలుతూ ఊపిరి నిలబెట్టుకోండి, ఒడ్డుకి సమాంతరంగా నురగ ఉన్న వైపు జరగండి, చెయ్యెత్తి పిలవండి. బోర్డు ఉంటే దాన్ని వదలొద్దు.

అనుభవమున్న సర్ఫర్లు ఇదే రిప్‌ని లోపలికి వెళ్లడానికి లిఫ్ట్‌లా వాడుకుంటారు. అది చూసి మొదటి నెలలో మీరు దిగకండి.

అపోహ: అల ఎంత పెద్దదైతే అంత మంచిది

ఫోన్ చేసి "అన్నా, రేపు అల ఎంతుంటుంది?" అంటారు. నేను ఎన్ని సెకన్లని అడగమంటాను. ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య ఎంత వ్యవధి ఉందన్నది ఎత్తుకంటే ఎక్కువ చెబుతుంది. రెండూ మీటరు ఎత్తే అయినా, 7 సెకన్లకొకసారి వచ్చేదానికంటే 14 సెకన్లకొకసారి వచ్చేదానికి రెండింతల శక్తి ఉంటుంది. మొదటిది దగ్గర్లో గాలి లేపిన గలాటా. రెండోది అంటార్కిటికా చుట్టూ ఉండే దక్షిణ సముద్రంలో తుఫాన్లు పుట్టించినది, వారం దాకా ప్రయాణం చేసి మన తీరానికి వస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా మనకి దొరికే మంచి అలల్లో ఇవే ఎక్కువ.

ఈ వివరాలు ఇచ్చే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇన్‌కాయిస్ అని, అలల ఎత్తు, వ్యవధి, దిశ ముందుగానే చెబుతుంది. సముద్రమే లేని ఊరి నుంచి సముద్రం కబుర్లు రావడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

దిశ కూడా చూసుకోవాలి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది కాబట్టి దక్షిణం నుంచి వచ్చే అల ఏటవాలుగా తగులుతుంది. ఆ రోజుల్లో రుషికొండలో దిగినవాళ్లు తెలియకుండానే భీమిలి వైపు జరిగిపోతుంటారు. "నా చెప్పులు ఎవరో తీసేశారు" అని గోల పెట్టిన ఒకావిడ చెప్పులు వదిలిన చోటే ఉన్నాయి, ఆవిడే రెండొందల మీటర్లు ఇవతల తేలింది. ఒడ్డున ఏదైనా చెట్టునో కట్టడాన్నో గుర్తు పెట్టుకుని పది నిమిషాలకోసారి చూసుకోండి.

పొద్దున్నే ఎందుకంటే, ఆ వేళ గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. దాంతో అల వాలు నున్నగా నిలబడుతుంది. ఎండ ముదిరాక సముద్రం గాలి మొదలై అంతా గరుకైపోతుంది. ఇక అల తన ఎత్తుకి సుమారు ఒకటింబావు రెట్లు లోతున్న చోట విరుగుతుంది. మీటరు అలంటే కింద నీళ్లు మీ ఛాతీ దాకా కూడా ఉండకపోవచ్చు. పడేటప్పుడు ఎప్పుడూ తల ముందు పెట్టకండి. వెల్లకిలా, వెడల్పుగా పడి, పైకి వచ్చేటప్పుడు చేతులతో తల కాచుకోండి. బోర్డు ఎక్కడుందో మీకు తెలియదు.

తుఫాను హెచ్చరిక ఉన్న రోజు నాకు ఫోన్ చేయొద్దు.

అపోహ: బోర్డుంది, లీష్ ఉంది, ఈత ఎందుకు?

లీష్ అంటే బోర్డుని కాలికి కట్టే తాడు. అది తెగుతుంది. నాకే రెండుసార్లు తెగింది. అలాంటప్పుడు బోర్డు ఒడ్డుకి హాయిగా చేరుతుంది, మీరు మిగులుతారు. ఆగకుండా 200 మీటర్లు ఈదగలిగి, కాళ్లు అందని చోట అయిదు నిమిషాలు తేలగలిగితేనే నేను నడుము లోతు దాటనిస్తాను. నేలకి కాలు ఆనే స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఈతని ఇక్కడ ఒకసారి మళ్లీ పరీక్షించుకోవాలి.

అపోహ: ఇది ఫారిన్ ఆట, మనకేం తెలుసు

ఈ ఆట ప్రపంచానికి పాకింది హవాయి నుంచి, అందులో సందేహం లేదు. ఒలింపిక్స్‌లోకి వచ్చింది టోక్యోతో, 2021లో. కానీ అలని చదవడం మన జాలర్లకి కొత్త కాదు. దుంగలు కలిపి కట్టిన తెప్పని నీళ్లలోకి తోసేముందు వాళ్లు చూసేది చూడండి. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, తర్వాత కాస్త విరామం వస్తుంది. ఆ విరామంలోనే తోస్తారు. తిరిగొచ్చేటప్పుడు ఒక కెరటాన్ని ఎంచుకుని దాని వీపు మీద తెప్పని ఒడ్డుకి ఎక్కిస్తారు. నా విద్యార్థుల చేత దిగేముందు ఇరవై నిమిషాలు ఒడ్డున కూర్చుని గుంపులో ఎన్ని అలలు, విరామం ఎంతసేపు అని లెక్కపెట్టిస్తాను. ఫోన్ సంచిలో పెట్టించడమే కష్టం.

అపోహ: ముందు లేచినవాడిదే అల

కాదు. అల ఎక్కడ మొదట విరుగుతుందో దానికి దగ్గరున్నవాళ్లది. వాళ్లు లేచాక ముందు నుంచి దూరితే ఇద్దరూ గుద్దుకుంటారు. తప్పు జరిగితే చెయ్యెత్తి సారీ చెప్పండి. ఈత కొట్టేవాళ్ల మధ్యకి బోర్డుతో అసలు వెళ్లొద్దు.

మిగిలినవి గబగబా

వ్యాక్స్ బోర్డు కింద రాస్తే జారుతుందనుకుంటారు. అది పాదాలు జారకుండా పైన రాసేది. మన ఎండకి పది నిమిషాల్లో కరిగి కారుతుంది, బోర్డు నీడలో పెట్టండి. ఇంట్లో అమ్మ ఎండకి మంచిదని కొబ్బరినూనె పట్టించి పంపితే, దండం పెట్టి కడుక్కుని రండి. నూనె ఒంటితో బోర్డు ఎక్కినవాడిని సబ్బుబిళ్లలా జారిపోతుంటే చూశాను.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు కుడికాలు ముందు పెట్టాలని రూలేం లేదు. తడి గచ్చు మీద జారేటప్పుడు ఏ కాలు ముందుంటే అదే. లీష్ వెనక కాలికి.

వయసు సంగతంటారా, అమెరికా సర్ఫింగ్ చాంపియన్ కెల్లీ స్లేటర్ 2022లో హవాయిలోని పైప్‌లైన్ పోటీ గెలిచేనాటికి యాభై నిండటానికి వారం కూడా లేదు. నా దగ్గర మొదటిసారి నిలబడిన రిటైర్డ్ టీచరుగారు మాత్రం ఆ వీడియో మనవరాలికి పంపి మరీ పడ్డారు.

సొరచేపల గురించి అందరూ అడుగుతారు. ఇసుకలో పడుకునే టేకు చేప (స్టింగ్‌రే) గురించి ఎవరూ అడగరు. నడుము లోతు నీళ్లలో కాలెత్తి అడుగు వేయకండి, పాదం ఇసుకలో ఈడుస్తూ నడిస్తే అదే తప్పుకుంటుంది. తోక ముల్లు గుచ్చుకుంటే, కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో గంట, గంటన్నర పాదం ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. తర్వాత డాక్టర్ దగ్గరకి వెళ్లండి, ముల్లు ముక్క లోపల మిగిలిపోవచ్చు.