ఆ చిన్న బాణం గుర్తు

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న మీ కంప్యూటర్ తెరిచినప్పుడు తెర మీద గోరంత ఖాళీ కూడా కనపడలేదు. సైన్సు పాఠం ఫైలు చూపించమంటే మీరిద్దరూ తెర మీద వేలు ఆనించి వరుసలు లెక్కపెట్టారు. ఎదురుగా చెబితే సగం విని లేచిపోతారని ఉత్తరం రాస్తున్నాను.

ఆ తెరను డెస్క్‌టాప్ అంటారు, అంటే బల్ల పైభాగం. 1981లో జిరాక్స్ కంపెనీ స్టార్ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. కాగితాలు, ఫోల్డర్లు, సొరుగులు బొమ్మల రూపంలో దాని తెర మీద ఉండేవి. ఆఫీసు బల్ల దగ్గర పనిచేసేవాళ్లకు కొత్తగా తోచకూడదని అలా చేశారు. అది బల్ల అన్న సంగతి గుర్తుంటే చాలు, ఏది పైన ఉండాలో, ఏది సొరుగులోకి పోవాలో మీకే తెలుస్తుంది. రోజూ తెరిచేవి ఏడెనిమిది ఉంటాయేమో. మిగతావాటికి అక్కడ చోటు దండగ.

ఆ ఏడెనిమిది కూడా అసలు ఫైళ్లు కానక్కర్లేదు, షార్ట్‌కట్లు చాలు. షార్ట్‌కట్ అంటే చిరునామా రాసిన చీటీ. చీటీ చింపితే ఇల్లు కూలదు. షార్ట్‌కట్ తీసేసినా అసలు ప్రోగ్రాం, ఫోల్డర్ ఉన్నచోటే ఉంటాయి. విండోస్‌లో షార్ట్‌కట్ బొమ్మకు ఎడమవైపు కింది మూలన చిన్న బాణం ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. నేను తీసుకునే దెబ్బతిన్నాను. తెర శుభ్రం చేస్తూ ఒక ఫోల్డర్‌ను షార్ట్‌కటే అనుకుని తీసేశాను. అంతటితో ఆగక, చక్కగా ఉంటుందని, తీసేసినవి చేరే చెత్తబుట్ట రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఆ ఫోల్డర్‌కు బాణం లేదు. మూడు నెలల ఫొటోలు అందులోనే ఉన్నాయి. మీ నాయనమ్మ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది.

షార్ట్‌కట్ తయారు చేయడం సులువే. ఫోల్డర్ మీద మౌస్ కుడి మీట నొక్కి, సెండ్ టు అన్నచోట డెస్క్‌టాప్‌ను ఎంచుకోండి. విండోస్ 11 అయితే ముందు షో మోర్ ఆప్షన్స్ నొక్కాలి.

నన్నడిగితే డెస్క్‌టాప్ కన్నా, తెర అడుగున పట్టీలా ఉండే టాస్క్‌బార్ మేలు. తెర మీద బొమ్మలను తెరిచిన కిటికీలు కప్పేస్తాయి, టాస్క్‌బార్ మాత్రం కనపడుతూనే ఉంటుంది. రోజూ వాడే ప్రోగ్రాములను అక్కడ పిన్ చేయండి, అంటే ఎప్పుడూ అక్కడే ఉండేలా గుచ్చి పెట్టండి. ఆ తరువాత మౌస్ కూడా అక్కర్లేదు. విండోస్ మీట పట్టుకుని 1 నొక్కితే మొదటి ప్రోగ్రాం, 2 నొక్కితే రెండోది తెరుచుకుంటాయి. స్టార్ట్ బొమ్మను, వెతికే పెట్టెను లెక్కలోకి తీసుకోకూడదు. టాస్క్‌బార్‌లో వర్డ్ బొమ్మ మీద కుడి మీట నొక్కి చూడండి, ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా వస్తుంది. మీ సైన్సు పాఠం అందులోనే దొరికేది!

ఇంకో చిట్కా ఉంది, నాకు బాగా ఇష్టమైనది. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే షార్ట్‌కట్ కీ అనే గడి కనపడుతుంది. అందులో ఒక అక్షరం నొక్కితే, ఆపైన కంట్రోల్, ఆల్ట్‌లతో కలిపి ఆ అక్షరం నొక్కగానే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. రెండు మూడింటికి మించి పెట్టకండి. నేను పదింటికి పెట్టుకుని, ఏది దేనికో కాగితం మీద రాసుకుని, ఆ కాగితం కోసం వెతికాను.

తెర మీద ఏముందో చూడాలంటే కిటికీలన్నీ ఒక్కొక్కటే మూయనక్కర్లేదు. విండోస్ మీటతో డి నొక్కితే అన్నీ పక్కకు తప్పుకుంటాయి, మళ్లీ నొక్కితే తిరిగివస్తాయి.

ఆదివారం వస్తాను. ఈలోగా ఆ న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ 2, న్యూ ఫోల్డర్ 3లలో ఏముందో చూసి పేర్లు పెట్టి ఉంచండి. నేను తెరవలేదు, భయం వేసింది.

మీ తాతయ్య