జొన్న బలమెంత, కంది బలమెంత? పాలమూరు పంటల ప్రోటీన్లపై అపోహలు - వాస్తవాలు

పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నుంచి జొన్న, కంది, పల్లి నమూనాలు పట్టుకొచ్చే వారందరూ అడిగేది ఒకటే: "ఇందులో ప్రోటీన్ ఎంత శాతం?" రైతులు అడుగుతారు, మిల్లు యజమానులు అడుగుతారు, ఈ మధ్య చిరుధాన్యాల బిస్కెట్ల వ్యాపారం మొదలుపెట్టిన యువకులూ అడుగుతున్నారు. గింజలోని ప్రోటీన్లను విడదీసి చూడటం నా వృత్తి. నేను చెప్పే జవాబు వారిలో చాలామందికి నచ్చదు. ఎంత ఉందో తెలిస్తే సరిపోదు. అది ఏ రకం ప్రోటీనో, కడుపులో విరుగుతుందో లేదో కూడా తెలియాలి. ఆ సంగతి రిపోర్టులో ఉండదు.

అపోహ: రిపోర్టులో 11 శాతం అని ఉంటే గింజలో 11 శాతం ప్రోటీన్ ఉన్నట్టే.

వాస్తవం: ఆ పరీక్ష అసలు ప్రోటీన్‌ను కొలవదు, నైట్రోజన్‌ను కొలుస్తుంది. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ రూపొందించిన పద్ధతే నేటికీ చాలాచోట్ల ఆధారం. పిండిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, అందులోంచి వచ్చిన నైట్రోజన్‌ను లెక్కగట్టి, 6.25తో గుణిస్తారు. ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్ ఉంటుందన్న అంచనా నుంచి పుట్టిన అంకె అది. నిజానికి బియ్యానికి 5.95, పల్లీలకు 5.46 వాడాలి. పల్లీ పిండిని 6.25తో గుణిస్తే ప్రోటీన్ దాదాపు ఏడో వంతు ఎక్కువగా కనిపిస్తుంది. అమ్మేవారికి ఇది ఎంతో అనుకూలమైన పొరపాటు.

యూరియా బస్తా మీద 46 శాతం నైట్రోజన్ అని రాసి ఉంటుంది కదా. ఆ యూరియానే ఈ పరీక్షకు పంపితే 287 శాతం ప్రోటీన్ అని లెక్క తేలుతుంది! నవ్వొచ్చే సంగతే గానీ, 2008లో చైనాలో జరిగింది ఇదే. నీళ్లు కలిపిన పాలలో ప్రోటీన్ ఎక్కువ చూపించడానికి నైట్రోజన్ దండిగా ఉండే మెలమైన్ అనే రసాయనం కలిపారు. లక్షల మంది పసిపిల్లల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

అపోహ: జొన్నలో గోధుమలకు దీటుగా ప్రోటీన్ ఉంది, కాబట్టి బలంలోనూ రెండూ సమానమే.

వాస్తవం: శాతం దాదాపు సమానమే. రెండింటిలోనూ 10 శాతానికి అటూఇటూగా ఉంటుంది. తేడా ఆ తరువాత మొదలవుతుంది. జొన్న ప్రోటీన్‌లో సగానికి పైగా కాఫిరిన్ అనే రకం. ఇది నీళ్లలో కరగదు, ఆల్కహాల్ కలిపిన నీళ్లలో కరుగుతుంది. ప్రోటీన్లు అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతాయి. వాటిలో మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేని లైసిన్ ఈ కాఫిరిన్‌లో లేనట్టే. అందుకే జొన్నలోని 100 గ్రాముల ప్రోటీన్‌లో లైసిన్ 2 గ్రాములకు కాస్త ఎక్కువగా మాత్రమే ఉంటుంది. పెద్దవారికి సైతం 4.5 గ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం.

రెండో చిక్కు వంటలో వస్తుంది. కాఫిరిన్ గింజలో సూక్ష్మమైన ఉండలుగా ఉంటుంది. తేలికగా జీర్ణం కాగల భాగం ఉండ లోపల ఉంటే, గంధకం ఎక్కువగా ఉన్న భాగం పైపొరగా ఉంటుంది. నీళ్లు పోసి ఉడికించినప్పుడు పైపొరలోని గంధకపు కొసలు ఒకదానితో ఒకటి ముడిపడి, సంచి మూతి కుట్టేసినట్టు ఉండ మూసుకుపోతుంది. ప్రోటీన్‌ను అరిగించే పెప్సిన్ అనే జీర్ణరసం ఉండ లోపలికి చేరలేదు. మిగతా ధాన్యాలకు వండటం వల్ల ఇంత నష్టం ఉండదు. 1981లో పెరూలో, పోషకాహార లోపం నుంచి కోలుకుంటున్న పిల్లలకు జొన్న జావ పెట్టి చూస్తే, అందులోని ప్రోటీన్ 46 శాతమే జీర్ణమైంది. గోధుమ ప్రోటీన్ 81 శాతం, మొక్కజొన్న 73 శాతం, బియ్యం 66 శాతం జీర్ణమయ్యాయి.

ఈ అంకెలు చెప్పగానే జొన్న రొట్టె మీద అభిమానం ఉన్నవారికి కోపం వస్తుంది. నాకూ జొన్న రొట్టె ఇష్టమే. పైగా ఈ లెక్కకు ఇంకో పక్క ఉంది. పొట్టు తీసి, యంత్రంలో అధిక వేడి, ఒత్తిడితో వండిన జొన్న ఇంచుమించు గోధుమ స్థాయిలోనే అరుగుతుంది. పిండిని పులియబెట్టినా అరుగుదల మెరుగుపడుతుంది. సూడాన్‌లో కిస్రా అనే జొన్న రొట్టెను పులిసిన పిండితోనే చేస్తారు. మన పులిసిన అంబలి చేసే మేలు కూడా అదే. జొన్న గటకలో మజ్జిగ పోసుకుంటే పాల ప్రోటీన్ నుంచి లైసిన్ అందుతుంది. రొట్టెలోకి కందిపప్పు పెట్టుకున్నా అంతే. కంది ప్రోటీన్‌లో లైసిన్ 100 గ్రాములకు 6 గ్రాములకు పైనే ఉంటుంది. కందిలో తక్కువగా ఉండే గంధకపు అమైనో ఆమ్లాలు ధాన్యం నుంచి వస్తాయి. మన చల్క నేలల్లో జొన్న సాళ్ల మధ్య కంది వేసే పద్ధతిలో ఒకే చేను నుంచి ఈ రెండూ దొరుకుతాయి.

జొన్న ఒక్కటే తిని బతికితే ఏమవుతుందో కూడా మన ప్రాంతమే చూపింది. దక్కన్‌లో జొన్న ప్రధానాహారంగా ఉన్న పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలేది, మతి చెదిరేది. హైదరాబాద్‌లోని నేటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియ దీన్ని అధ్యయనం చేశారు. జొన్నలో ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మోతాదు మించి ఉండటం వల్ల శరీరం నయాసిన్ విటమిన్‌ను సరిగా వాడుకోలేకపోతోందని 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తరువాత వాదోపవాదాలు జరిగాయి, ఇంకా తెగలేదు. కానీ చుట్టూ పప్పు, పాలు, కూరలు లేని జొన్న మాత్రమే ఇలా చేసిందన్నది మరిచిపోకూడదు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నప్పుడు వేదికల మీద ఈ కథ దాదాపు ఎవరూ ఎత్తలేదు. పంటను పొగడటానికి దాని చరిత్రను దాచాల్సిన పని లేదని నా అభిప్రాయం.

అపోహ: వానకు పండిన చిన్న గింజకే బలం ఎక్కువ, నీళ్లు పారించిన గింజ ఉత్త పిండి.

వాస్తవం: శాతం చూస్తే ఈ మాట తరచుగా నిజమే, మోసమంతా అక్కడే. గింజలో ప్రోటీన్ ముందుగా చేరుతుంది, పిండిపదార్థం చివరి వరకు చేరుతూనే ఉంటుంది. గింజ పాలు పోసుకునే దశలో బెట్ట తగిలితే ఎక్కువగా తగ్గేది పిండిపదార్థమే. 30 మిల్లీగ్రాముల నిండు గింజలో 10 శాతం ప్రోటీన్ ఉందనుకుందాం, అంటే 3 మిల్లీగ్రాములు. అదే గింజ వడలిపోయి 20 మిల్లీగ్రాములే తూగి, 13 శాతం చూపితే అందులో ఉన్నది 2.6 మిల్లీగ్రాములు. శాతం పెరిగింది, ప్రోటీన్ తగ్గింది. ఎకరం లెక్కన చూస్తే నష్టం ఇంకా ఎక్కువ.

యూరియా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నైట్రోజన్ ఎరువు వేస్తే జొన్నలో ప్రోటీన్ శాతం పెరుగుతుంది, కానీ పెరిగే దానిలో ఎక్కువ భాగం కాఫిరినే. అంటే ప్రతి 100 గ్రాముల ప్రోటీన్‌లో లైసిన్ వాటా ఇంకా పడిపోతుంది. వరిలో ఇంత తేడా రాదు. సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లలోని ప్రోటీన్ ప్రధానంగా గ్లూటెలిన్ అనే రకం, అందులో లైసిన్ మెరుగు. బియ్యంలో ప్రోటీన్ తక్కువ, నాణ్యత ఎక్కువ.

మిర్యాలగూడ మిల్లుల ఉప్పుడు బియ్యంలో ప్రోటీన్ ఎక్కువ అనేవారున్నారు. కాదు. నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు తవుడులోని బి విటమిన్లు గింజ లోపలికి ఇంకుతాయి. లాభం అది.

అపోహ: పప్పు బాగా ఉడికిస్తే ప్రోటీన్ చచ్చిపోతుంది.

వాస్తవం: ప్రోటీన్ బతికి ఉండి తినాల్సిన వస్తువు కాదు. వేడికి దాని మడతలు విచ్చుకుంటాయి, అమైనో ఆమ్లాలు అలాగే ఉంటాయి. పైగా పచ్చి కంది, ఉలవ, అనుములలో మన జీర్ణరసంలోని ట్రిప్సిన్‌ను అడ్డుకునే ప్రోటీన్లు ఉంటాయి. అవి దెబ్బతినేది ఉడికించినప్పుడే. అందుకే మెత్తగా ఉడికిన పప్పే మేలు. ఉడికేటప్పుడు పైకి తేలే నురుగు యూరిక్ ఆమ్లమని ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. అది నీళ్లలో కరిగిన కొంత ప్రోటీన్, పప్పులోని సపోనిన్లనే నురుగు కట్టే పదార్థాలు కలిసి కట్టిన నురుగు. తీసేసినా సరే, ఉంచినా సరే.

అపోహ: పచ్చజొన్న పసుపు రంగే దాని ప్రోటీన్‌కు గుర్తు.

వాస్తవం: ఆ రంగు కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలది. ప్రోటీన్‌కు రంగు లేదు. ముదురు ఎరుపు, గోధుమ రంగు జొన్నల్లో కొన్నింటిలో మాత్రం టానిన్లనే వగరు పదార్థాలు ఉంటాయి, అవి ప్రోటీన్‌ను పట్టుకుని అరగనివ్వవు. పిట్టలు ఆ కంకుల జోలికి అంతగా రాకపోవడానికి కారణం కూడా ఆ వగరే.

అపోహ: ఆముదం గింజ విషం కాబట్టి ఆముదం నూనెలోనూ విషం ఉంటుంది.

వాస్తవం: పాలమూరు, నల్లగొండ చల్కల్లో ఎన్నో ఏళ్లుగా ఆముదం పండిస్తున్నవారికి కూడా ఈ అనుమానం ఉంది. గింజలోని విషం రైసిన్, అది ఒక ప్రోటీన్. 1888లో పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ దీన్ని వేరు చేశాడు. ఇందులో రెండు గొలుసులు. ఒకటి కణం పైపొరకు అతుక్కుంటుంది, రెండోది లోపలికి చేరి ప్రోటీన్లు తయారు చేసే రైబోసోములను పాడు చేస్తుంది. ఒక్క అణువు నిమిషానికి వెయ్యికి పైగా రైబోసోములను పనికిరాకుండా చేయగలదు. కానీ రైసిన్ నూనెలో కరగదు. గానుగ ఆడినప్పుడు అది చెక్కలోనే ఉండిపోతుంది. గింజలను దంచి నీళ్లలో మరిగించి తీసే వంటాముదంలో వేడికి కూడా అది చెడిపోతుంది. ఆముదం తాగితే విరేచనాలు కావడానికి కారణం రిసినోలిక్ ఆమ్లం, దానికీ రైసిన్‌కూ సంబంధం లేదు.

భయపడాల్సింది చెక్క గురించే. ఎరువుగా చల్లిన ఆముదం చెక్కను కుక్కలు, మేకలు తిని చనిపోవడం జరిగేదే. వేడి చేసి విషం తీయని చెక్కను దాణాలో కలపకూడదు, చేనులో చల్లితే వెంటనే మట్టిలో కలిపేయాలి. నిల్వ బస్తాలను దాణా గదిలో ఉంచకూడదు. పల్లి చెక్క, ఆముదం చెక్క పక్కపక్కనే ఉంచి, అక్షరాలు చెరిగిపోయిన బస్తాలోంచి చెక్క తీసి గేదెకు వేస్తే, ఆ తరువాత ఏ ప్రయోగశాల రిపోర్టూ పనికి రాదు.