ప్యానెల్ వెలిగితే పాఠం వచ్చేసినట్టేనా? బడిలో టెక్నాలజీ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

లెక్కల మాస్టారుగా 19 ఏళ్లు, అందులో చివరి 4 ఏళ్లు హెచ్‌ఎంగా. మొదట పాడేరు వైపు, తర్వాత విశాఖ వన్‌టౌన్‌లో, ఇప్పుడు భీమిలి రోడ్డు మీద, సముద్రం హోరు తరగతి గదిలోకి వినిపించే ఒక హైస్కూల్లో. ఈమధ్య ఏ పెళ్లికెళ్లినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు పక్కకొచ్చి కూర్చుని "ఏంటి మాస్టారూ, ఇక అన్నీ ఏఐయే చెప్పేస్తదంట కదా, మీకేటి పని" అని మొదలెడుతున్నారు. 2025 అక్టోబరులో గూగుల్ మన ఊళ్లో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించాక ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. పప్పు చల్లారిపోతుంది కాబట్టి అక్కడ పూర్తిగా చెప్పలేకపోతున్నాను. ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గదిలో ప్యానెల్ పెట్టారంటే చదువు డిజిటల్ అయిపోయినట్టే

మన ప్రభుత్వ బడుల్లో 2019లో నాడు-నేడు (బడులు బాగుచేసే పథకం) మొదలైంది, 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చారు, 2023 నుంచి హైస్కూలు గదుల్లోకి ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర ప్యానెళ్లు, వచ్చాయి. సామాను వచ్చింది, కాదనను. దాంతో మనమేం చేశామన్నది వేరే లెక్క.

నా సంగతే చెబుతాను. ప్యానెల్ వచ్చిన కొత్తలో తొమ్మిదో తరగతికి జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిచి సరళరేఖ వాలు (గీత ఎంత ఏటవాలుగా ఉందన్నది) చూపించాను. స్లైడర్ ఇటు జరిపితే గీత నిటారుగా లేస్తుంది, అటు జరిపితే పడుకుంటుంది. పిల్లలు ఒకటే "ఓ" అనడం, నేను ఇంకాస్త జరపడం. ఆ రోజు పాఠం అద్దిరిపోయిందనుకుని ఇంటికెళ్లాను. మర్నాడు, వాలు 2 ఉన్న గీత ఏదైనా ఒకటి గ్రాఫు కాగితం మీద గీయండర్రా అంటే 41 మందిలో 9 మంది గీశారు. మిగతావాళ్లు నిన్న చూసింది గీత కాదు, బొమ్మ.

తర్వాతి సెక్షన్లో ఒక్కటే మార్చాను. స్లైడర్ ముట్టుకునే ముందు, "వాలు 2 నుంచి 3 చేస్తున్నా, గీత ఎటు తిరుగుతుందో మీ పుస్తకంలో పెన్సిల్‌తో గీసిపెట్టండి, గీసేదాకా నేను వేలు కదపను" అన్నాను. ఇక చూడండి, వెనక బెంచీలో ఎప్పుడూ కిటికీ బయటికి చూసేవాడు కూడా ఆ గీత ఎటు పోతుందా అని మెడ సాచి చూస్తున్నాడు, ఎందుకంటే వాడిప్పుడు ఒక పందెం కాశాడు. తప్పు గీసినవాళ్లు రబ్బరు తీశారు. చెరపొద్దు, పక్కనే ఇంకో రంగుతో గీయండి అన్నాను. అదే ప్యానెల్, అదే సాఫ్ట్‌వేర్, అదే మాస్టారు.

పెరూ దేశం 2008 నుంచి పిల్లకో ల్యాప్‌టాప్ పథకం కింద 8 లక్షలకు పైగా ల్యాప్‌టాపులు పంచింది. అక్కడి 319 గ్రామీణ బడుల్లో పరిశీలిస్తే దాదాపు 15 నెలల తర్వాత కూడా లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన దాఖలా కనబడలేదు. పెట్టెలు పంచారు గానీ పాఠం మాత్రం పాతపాటే పాడింది.

అపోహ: పిల్లకో పరికరం లేకపోతే ఇవేవీ కుదరవు

ఇది చాలామంది టీచర్లకి చేతులెత్తేయడానికి పనికొచ్చే అపోహ (నేనూ కొన్నాళ్లు వాడుకున్నాను). ప్లికర్స్ అని ఒకటుంది. పిల్లల దగ్గర ఏ కరెంటు వస్తువూ అక్కర్లేదు. కాగితం మీద అచ్చేసిన నల్లటి గళ్ల కార్డు ఒకటి తలా చేతిలో ఉంటుంది, ఏ అంచు పైకి పెట్టి ఎత్తారన్నదాన్ని బట్టి అది ఏ జవాబో తెలుస్తుంది. మాస్టారు తన ఫోను కెమెరా గది చుట్టూ తిప్పితే చాలు, ఎవరు ఏ జవాబు చెప్పారో పేర్లతో సహా వచ్చేస్తుంది. పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కష్టం, ఎందుకంటే ఏ ఇద్దరి గళ్లూ ఒకలా ఉండవు. మా కార్డుల్ని లామినేషన్ చేయించాం, లేకపోతే వారంలో చిరిగి వడియాలైపోయేవి.

ఏడో తరగతిలో అడిగిన ప్రశ్న: 1/2 కి 1/3 కలిపితే ఎంత? 38 మందిలో 17 మంది 2/5 అన్నారు. పైవి పైకి, కిందవి కిందకి కలిపేశారు. అదేమంత కొత్త తప్పు కాదు, నేను ఉద్యోగంలో చేరిననాటి నుంచీ చూస్తున్నదే. కొత్తగా తెలిసింది ఏమిటంటే, ఆ 17 మంది ఎవరో. చేతులెత్తండి అంటే మా క్లాసులో ఎప్పుడూ ఆ ఆరుగురే ఎత్తుతారు, వాళ్లు కరెక్టుగా చెబుతారు, నేను "అర్థమైందా" అంటాను, అందరూ "అయ్యింది సార్" అంటారు, పాఠం ముందుకి పోతుంది. ఇన్నేళ్లూ అలాగే పోయింది. ఆ 17 మందిలో నేను బాగా వచ్చనుకున్న పిల్లలు ముగ్గురున్నారు. అందులో ఒకమ్మాయికి ఫస్టు ర్యాంకు.

అప్పుడు ప్యానెల్ ఆపేశాను. తలా మూడు కాగితం పట్టీలు ఇచ్చి, ఒకటి సగానికి, ఒకటి మూడు భాగాలకి, ఒకటి అయిదు భాగాలకి మడతపెట్టమన్నాను. సగం ముక్క పక్కన అయిదింట రెండు వంతుల ముక్క పెట్టించాను. రెండోదే చిన్నది. "సగం రొట్టె ఇచ్చి, ఇంకొంచెం పెట్టాను. మొత్తం సగం కంటే తగ్గిపోయిందేంట్రా?" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత మూడో వరసలోంచి "అయితే కింద కలపకూడదు సార్" అని ఒకడు సణిగాడు. నాకు కావలసింది ఆ సణుగుడే. అందులో టెక్నాలజీ చేసింది రెండు నిమిషాల పని, మడతపెట్టడానికి పట్టింది ఇరవై అయిదు నిమిషాలు.

పరికరాల లెక్క కంటే పిల్లాడు ఎక్కడ ఆగాడో తెలుసుకోవడం ముఖ్యమని పరిశోధన కూడా చూపిస్తోంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే, కంప్యూటర్ మీద పాఠం చెప్పే ప్రోగ్రాం మీద కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లోనే పిల్లలు లెక్కల్లోనూ హిందీలోనూ మిగతావాళ్లకంటే బాగా ముందుకెళ్లారు. ఆ అధ్యయనంలో ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారట. ఆ ప్రోగ్రాం వాళ్లకి ఆరో తరగతి పాఠం పెట్టలేదు, పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుంచి మొదలుపెట్టింది. మనం చేసేది? మూడో తరగతి తీసివేత దగ్గర ఆగిపోయిన పిల్లాడికి ఆరో తరగతి పాఠాన్ని 75 అంగుళాల తెర మీద, రంగుల్లో చూపిస్తున్నాం.

అపోహ: ఈ తరం పిల్లలకి ఇవన్నీ పుట్టుకతోనే వచ్చు

"డిజిటల్ నేటివ్స్" (టెక్నాలజీ మధ్యే పుట్టి పెరిగినవాళ్లు) అన్న మాటని 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చారు, అప్పట్నుంచి అందరూ దాన్నే పట్టుకున్నారు. మా పదో తరగతి కుర్రాడు రీల్‌కి పాట అతికించి, ట్రాన్సిషన్లు పెట్టి, ఆర్కే బీచ్‌ని గోవాలా చూపించగలడు. అదే కుర్రాడు ల్యాబ్‌లో ఒక ఫైలు సేవ్ చేసి, దాన్నెక్కడ సేవ్ చేశాడో వెతకలేక "పోయింది సార్" అన్నాడు. గ్రామీణ పిల్లల చదువు మీద దేశవ్యాప్తంగా జరిగే అసర్ సర్వే 2024లో కూడా ఇదే చెప్పింది. 14 నుంచి 16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసన్నారు, కానీ అంతకుముందు వారంలో చదువుకి వాడింది 57 శాతం, సోషల్ మీడియాకి వాడింది 76 శాతం. వేలు ఆడటం వేరు, వెతకడం వేరు, దొరికినదాన్ని నమ్మాలో లేదో తేల్చుకోవడం మరీ వేరు. ఈ చివరిది ఎవరో ఒకరు నేర్పితేనే వస్తుంది.

అపోహ: ఇంట్లో ఫోన్ ఉందంటే పిల్లకి చదువుకునే వీలున్నట్టే

మా బడికి మత్స్యకారుల పిల్లలు చాలామంది వస్తారు. ఒకసారి వీడియో పాఠం చూసి రమ్మని వాట్సాప్‌లో పంపితే సగం మంది చూడలేదు. నేను కాస్త గట్టిగానే అడిగాను. ఒకావిడ బడికొచ్చి చెప్పింది: "ఫోనుందండి మాస్టారూ, గానీ అది ఆళ్ల నాన్నతోటి ఏటకెళిపోద్ది. ఆయన ఒడ్డుకొచ్చేసరికి గుంట పడుకుండిపోద్ది." సిగ్గేసింది. మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే ఫోను ఇంటిపట్టున ఉండే రెండు నెలల్లో ఎక్కువ రోజులు బడికే సెలవులు. సర్వే ఫారంలో మాత్రం ఆ ఇంటికి "స్మార్ట్‌ఫోన్: ఉంది" అనే ఉంటుంది.

ఇప్పుడు వీడియోలు ఇంటికి పంపడం తగ్గించేశాం. సాయంత్రం బడి అయ్యాక నలభై నిమిషాలు ల్యాబ్ తెరిచి ఉంచుతున్నాం, ఎవరికి కావాలంటే వాళ్లు కూర్చుంటారు.

ఇక ఏఐ. అపోహ ఏంటంటే అది మాస్టార్ని మింగేస్తుందని, లేదా పిల్లల బుర్రని మింగేస్తుందని

రెండో భయంలో కొంత నిజముంది. లెక్క ఫొటో తీస్తే జవాబు మెట్టు మెట్టుగా వచ్చేస్తోంది, అన్ని హోంవర్కుల్లో ఒకటే వరస, ఒకటే "కావున". ఇంటికిచ్చే లెక్కలకి మార్కులు వేయడం మానేశాను. అందులోంచే ఒక లెక్క మర్నాడు బోర్డు దగ్గర చేయిస్తాను, అంతే.

మొదటి భయానికి మాత్రం ఒక కథ. సరూప త్రిభుజాల మీద నాలుగు లెక్కలు తెలుగులో తయారుచేసిపెట్టమని ఒక ఏఐని అడిగాను. టకటకా ఇచ్చింది, భాష కూడా చక్కగానే ఉంది. నేను సరిగ్గా చూసుకోకుండా బోర్డు మీదకెక్కించాను. మూడో లెక్కలో ఒక త్రిభుజం భుజాలు 2, 3, 7 సెంటీమీటర్లు. ఒక పిల్ల స్కేలు పట్టుకుని గీయబోయి, "సార్, ఇది కలవట్లేదు" అంది. 2, 3 కలిపితే 5, ఏడుని ఎలా అందుకుంటాయి? అసలది త్రిభుజమే కాదు. క్లాసంతా నవ్వింది, నా మీదే. ఇప్పుడు వారానికోసారి ఏఐ ఇచ్చిన లెక్కలు నాలుగు బోర్డు మీద పెట్టి తప్పెక్కడుందో పట్టుకోమంటున్నాను. అన్నింటిలోనూ తప్పు ఉండదు, అదే మజా. నాకైతే ప్రశ్నపత్రం చిత్తుప్రతికి, సర్క్యులర్లు కుదించుకోడానికి బాగా అక్కరకొస్తోంది. ఆదివారం సగం మిగులుతోంది.

హెచ్‌ఎంలు నమ్మే అపోహ: డాష్‌బోర్డు పచ్చగా ఉంటే బడి బాగున్నట్టే

డాష్‌బోర్డంటే బడి లెక్కలన్నీ రంగుల్లో చూపించే ఆన్‌లైన్ పేజీ. ఇది మా కుర్చీలో కూర్చున్నవాళ్ల జబ్బు. హాజరు ఎక్కించాలి, భోజనం లెక్క ఎక్కించాలి, ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల) మార్కులు ఎక్కించాలి, ఫొటోలు ఎక్కించాలి. గతంలో ఒక బడిలో నెట్‌వర్క్ కోసం పొద్దున్నే టెర్రస్ మీద ముగ్గురం టీచర్లం ఫోన్లు పైకెత్తుకుని నిలబడితే, కింద గ్రౌండులో పిల్లలు మమ్మల్ని చూసి చేతులూపేవారు. కింద ప్రార్థన అయిపోయేది, పైన ఇంకా గుండ్రం తిరుగుతూనే ఉండేది. అలా ఎక్కించినదంతా పైవాళ్లకి పోతుంది, మన బడికి మనం దాన్ని తిరిగి చూసుకోవడం మాత్రం అరుదు.

వన్‌టౌన్‌లో ఉన్నప్పుడు హాజరు శాతం 88. పచ్చరంగే. ఎవరూ ఏమీ అనలేదు. ఒక రోజు ఊరికే ఆ షీటు డౌన్‌లోడ్ చేసి వారాల వారీగా పేర్చి చూశాను. నవంబరు, డిసెంబరుల్లో గురువారాలు గొయ్యి తవ్వినట్టు పడిపోయి ఉన్నాయి, అదీ దాదాపు అవే పాతిక పేర్లు. మార్గశిర మాసం. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిర గురువారాలంటే ఎంత రద్దీయో విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఈ పిల్లల ఇళ్లవాళ్లు పూలు, కొబ్బరికాయలు, పసుపుకుంకాలు అమ్ముకునేవాళ్లు. ఏడాది వ్యాపారంలో పెద్ద భాగం ఆ నాలుగైదు రోజుల్లోనే, ఇంటిల్లిపాదీ దుకాణం దగ్గరే. అప్పటిదాకా స్టాఫ్‌రూమ్‌లో మేమంతా "వీళ్లకి చదువు మీద శ్రద్ధ లేదండీ" అని తీర్మానించేసి ఉన్నాం.

పిల్లల్ని మందలించలేదు. ఆ నెలంతా గురువారం కొత్త పాఠం మొదలుపెట్టకూడదని, స్లిప్ టెస్టులు శుక్రవారం కాకుండా సోమవారం పెట్టాలని స్టాఫ్ మీటింగ్‌లో అనుకున్నాం. ఒక టీచరు ఒప్పుకోలేదు, సిలబస్ అవ్వదన్నారు, ఆయన మాటా తీసిపారేసేది కాదు. అయినా చేశాం.

చివరగా ఒకటి, క్లుప్తంగా. అపోహ: కొన్నాక ఖర్చు అయిపోయినట్టే

విశాఖలో ఉండి ఈ మాట అనకండి. ఉప్పుగాలికి కిటికీ ఊచలే పొడిగా రాలిపోతున్నాయి, ఇక పోర్టులెంత? వానాకాలం దాటేసరికి కనెక్షన్ల దగ్గర పచ్చగా కిలుం పట్టేస్తోంది, బిగుతుగా ఉండే ప్లగ్గులు వదులైపోతున్నాయి, యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బుతున్నాయి. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద 250 మంది పిల్లలు దాటిన మా లాంటి బడికి నిర్వహణ ఖర్చులకి వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 75 వేలు. అందులోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్నాచితకా మరమ్మతులు. మేం చేస్తున్నది: ప్యానెళ్లకి కుట్టించిన గుడ్డ కవర్లు, శనివారం చివరి పీరియడ్‌లో పొడిగుడ్డతో తుడవడం, సముద్రం వైపు కిటికీలు సాయంత్రం తప్పకుండా మూయడం. ఆ మూసే డ్యూటీ తొమ్మిదో తరగతి పిల్లలది, వంతులవారీగా. తాళం చెవులు వాళ్ల దగ్గరే ఉంటాయి.